కొసరు పేరా

ఫోను మోగేసరికి నేను పెళ్లివారితో బేరంలో ఉన్నాను. ఆరు డజన్ల మట్టిగాజులకి వాళ్లొక ధర అంటున్నారు, నేనొకటి అంటున్నాను. ఎక్కడ ఆగుతామో ఇద్దరికీ తెలుసు, అయినా అక్కడిదాకా నడిచి వెళ్లాలి కదా. బేరం మధ్యలో ఫోను తియ్యడం మా వ్యాపారంలో తప్పు. తీశాను. ఆడగొంతు. మనిషిది కాదు, రికార్డు చేసి పెట్టింది.

"మీరు సమర్పించిన అర్జీ పరిష్కరించబడినది. పరిష్కారం పట్ల మీరు సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి. చెందనట్లయితే రెండు నొక్కండి."

ఊళ్లో సగం మందికి అర్జీలు టైపు చేస్తాను గానీ నా పేరున ఎప్పుడూ ఒకటి పెట్టుకోలేదు. తప్పు నంబరనుకుని పెట్టెయ్యబోతుంటే ఆ గొంతు అర్జీదారు పేరు చదివింది, యంత్రాలు చదివినట్టు ముక్కలు ముక్కలుగా. అది అక్క ఆధార్ కార్డు మీద ఉండే మగ పేరు. అక్క ఫోన్లు పారేసుకునే మనిషి కాబట్టి కాగితం మీద నా నంబరే వేశాను. వేసిన సంగతే మర్చిపోయాను. అక్క పోయి అప్పటికి నెలా పది రోజులు.

ఏదీ నొక్కకుండా పెట్టేశాను. నా మొహం చూసి పెళ్లివారు, ఈ ధర ఈవిడకి నిజంగానే గిట్టడం లేదేమో అనుకున్నట్టున్నారు, వాళ్లే ఒక మెట్టు పైకొచ్చారు. నేను కాదనలేదు. ఈ రాస్తున్న మనిషి ఎలాంటిదో ముందే తెలిస్తే మంచిదని చెప్తున్నాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. కార్డు మీది పేరంటే తనకి గిట్టదు. తను పెట్టుకున్న పేరు చాలా బాగుంటుంది. కానీ నేను తన గురించి ఏం రాసినా తనకి చదివి వినిపించాకే గడప దాటాలని మా ఇద్దరి మధ్యా ఒక షరతు ఉండేది. ఆ షరతు ఒకసారి తప్పాను. ఇప్పుడు వినిపించే దారి లేదు. అందుకని, బందరులో అందరూ పిలిచినట్టు ఎండుచేపల అక్క. నాకు ఉత్త అక్క.

మాది గాజుల కొట్టు. నాన్న ఉన్నన్నాళ్లూ ఒక్క గాజులే. ఆయన పోయాక, గాజులు వేసుకునే చేతులు కూడా తగ్గాక, సగం కొట్టు ఖాళీ చేసి కంప్యూటరూ జిరాక్సు మిషనూ పెట్టాను. కలెక్టరాఫీసుకి వెళ్లే దారి కాబట్టి సోమవారం అర్జీల రోజున గాజుల కంటే కాగితాలే ఎక్కువ పోతాయి. గుమ్మమెక్కిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మా ఇంటా వంటా లేదు. గాజులు వద్దన్నవాళ్లకి అర్జీ అయినా అంటగడతాను.

అక్క మొదటిసారి వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. లుంగీ, చొక్కా, తలకి తువాలు. దివిసీమ చివర, సముద్రం ఒడ్డు ఊరు. వేటకెళ్లే కుటుంబం. నాన్న ముందు నిలబడి, కొట్లో ఇంకెవరూ లేరని చూసుకుని, "మా చెల్లికి గాజులు కావాలండీ" అంది.

"సైజెంత?"

"పెద్ద చెయ్యండీ."

"ఎంత పెద్దది? నీ చెయ్యంత ఉంటుందా?"

తన చెయ్యి తనే తిప్పి చూసుకుంది. "అంతే ఉంటదండీ."

"అయితే ఇలా ఇవ్వు నీ చెయ్యి."

నాన్న ఆ వేళ్లన్నీ దగ్గరికి నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, కొలతగాజు ఎక్కించి చూశాడు. వల లాగి లాగి కాయలు కాసిన చెయ్యి. టూ టెన్ సైజు సగంలో ఆగిపోయింది. టూ ట్వెల్వ్ మా దగ్గర లేదు. "వచ్చే వారం తెప్పిస్తానని చెప్పు మీ చెల్లికి" అన్నాడు. తెప్పించాడు. ఆ రోజు నుంచి మా కొట్లో టూ ట్వెల్వ్ పెట్టె ఎప్పుడూ ఖాళీ కాలేదు. దాన్ని జాలి అనుకోవద్దు. నాన్నకి జాలీ లేదు, అసహ్యమూ లేదు. కొన్నవాళ్ల చేతికి సరిపోయే సరుకు ఉండాలన్న పట్టుదల ఒక్కటే ఉండేది. ఆ పెద్ద చేతులకి ఈ జిల్లాలో దొరికిన మర్యాదల్లోకి అదే పెద్దదని ఇప్పుడు తోస్తుంటే ఒళ్లు మండుతుంది.

డజను కొంటే ఒక గాజు కొసరు వెయ్యడం మా కొట్టు ఆనవాయితీ. తొడిగేటప్పుడు ఒకటి చిట్లుతుంది కదా, దానికి. పదమూడోది కొసరు. అందరూ అది తీసుకుని నవ్వుతూ వెళ్లేవాళ్లు. అక్క వెళ్లేది కాదు.

"ఒకటి మామూలు చేతులకి బాబాయ్. నాకు రెండు చిట్లుతాయి."

"రెండు చిట్లితే గాజు తప్పు కాదమ్మా, తొందర తప్పు" అనేవాడు నాన్న. అప్పటికి అక్క చీరలోకి మారింది, నాన్న ఏ గొడవా లేకుండా 'అమ్మా'లోకి మారాడు. కానీ రెండో కొసరు మాత్రం చచ్చినా ఇవ్వలేదు. ఆయన పోయాక ఆ పోరు నాకు వారసత్వంగా వచ్చింది. నేనూ ఇవ్వలేదు. ఇవ్వనని తెలిసే అడిగేది. అడుగుతుందని తెలిసే నేను పదమూడో గాజుని చివరిదాకా చేతిలో పట్టుకుని ఉండేదాన్ని.

అక్క వ్యాపారం ఎండుచేపలు. మెత్తళ్లూ సావళ్లూ మూట కట్టుకుని అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు, గుడివాడ, తిరిగి బందరు. వారానికో చుట్టు. బస్సులో తన పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. "బస్సు కిక్కిరిసిపోయినా సరే నాకు రెండు సీట్లు అమ్మాయ్. చేపల కంపు వల్లే అనుకుంటా" అని నా మొహంలోకి చూసేది, నేను అవుననే ధైర్యం చేస్తానేమోనని.

చప్పట్లు కొట్టేది కాదు. షాపుల ముందు తనని చూడగానే జనం చప్పట్లకి సిద్ధమైపోతారు, ముందే చిల్లర తీస్తారు. అక్క వాళ్లకి దణ్ణం పెట్టి "సావళ్లు బాగున్నాయండీ, చూస్తారా" అనేది. తీసిన చిల్లర మళ్లీ జేబులో పెట్టుకోలేక కొందరు చేపలు కొన్నారు. "నాకు చప్పట్లు కొట్టడం రాదు. ఎవరూ నాకు కొట్టిందీ లేదు. చెల్లుకి చెల్లు" అనేది.

దేశం పరీక్ష సంగతి తెచ్చింది విజయవాడ నుంచి వచ్చిన ఒక లాయరమ్మ. గుడివాడలో ఒక మీటింగు పెట్టింది. రాసే మనిషి కావాలని అక్క నన్ను తోడు లాక్కెళ్లింది. పైఅంతస్తు ఫంక్షన్ హాలు. ఓనరు తాళాలు చేతిలో తిప్పుతూ "ఏం ఫంక్షనమ్మా?" అన్నాడు.

"పుట్టినరోజండీ" అంది అక్క.

"ఎవరిదీ?"

అక్క చుట్టూ చూసింది. ఓ మూల బిక్కచచ్చి కూర్చున్న లారీ క్లీనరొకడు కనిపించాడు, మగవాణ్ణి ప్రేమించినందుకు ఊరొదిలి వచ్చేసినవాడు. "వీడిదే."

ఓనరు కదలడే. కేకు చూసి వెళ్దామన్నట్టు తలుపు దగ్గరే నిలబడ్డాడు. చివరికి కేకు తెప్పించి, క్లీనరు చేత కోయించి, పాట పాడి, ఓనరు నోట్లో ఒక ముక్క పెడితే గానీ మెట్లు దిగలేదు. క్లీనరుకి అసలు తన పుట్టినరోజెప్పుడో తెలీదు. అప్పట్నుంచీ ఆ తారీఖే చెప్పుకుంటున్నాడు.

అప్పుడు లాయరమ్మ చెప్పింది. ప్రపంచ దేశాలన్నీ కూర్చుని కొన్నేళ్లకోసారి ఒక్కో దేశాన్నీ నిలబెట్టి, మీ జనం హక్కులు ఎలా కాపాడుతున్నారో చెప్పమంటాయట. మన దేశం జవాబు రాసుకెళ్లాలి. అందులో ఆడా మగా అన్న గీతకి అటూ ఇటూ ఉండే మనుషుల సంగతీ, ఆడదాన్ని ప్రేమించే ఆడవాళ్ల, మగవాణ్ణి ప్రేమించే మగవాళ్ల సంగతీ ఉండాలి. రాసే ముందు జనాన్ని అడగాలి. మన జిల్లాకి ఫలానా సోమవారం బందరు ఆఫీసులో విచారణ పెట్టారు. కాగితాలు ఇవ్వచ్చు.

"అంటే దేశానికి పరీక్షన్నమాట" అంది అక్క. "మరి పేపరు దిద్దేదెవరండీ?"

"మిగతా దేశాలు."

"వాళ్ల పేపరు?"

"వాళ్ల వంతు వచ్చినప్పుడు మనం కూడా దిద్దుతాం."

"అయితే అందరూ పాసయిపోతారు" అంది అక్క. లాయరమ్మే ముందు నవ్వింది. నవ్వి, "అందుకే మీరు చెప్పాలండీ. మీరు చెప్పకపోతే అంతా బాగుందనే రాస్తారు" అంది. అక్క ఇక నవ్వలేదు. కేకు తిన్న వేలు చీర చెంగుకి తుడుచుకుని "చెప్తాం" అంది.

ఆ తరవాత మూడు నెలలు అక్క చేపలతో పాటు మాటలు కూడా మోసింది. దానికో పద్ధతి పెట్టుకుంది. ఎవరి కథయినా మూడు చుట్లలో మూడుసార్లు చెప్పించుకునేది. చల్లపల్లి టైలరమ్మ ఈ వారం ఒకసారి, పై వారం ఒకసారి, ఆ పై వారం ఇంకోసారి. మూడుసార్లూ ఒకేలా ఉన్న ముక్కే నాకు చెప్పి రాయించేది. మిగతాది వదిలేసేది.

"అబద్ధమంటావా అక్కా ఆ మిగతాది?"

"అబద్ధం కాదు. కోపం. కోపం వారానికోలా ఉంటది. జరిగింది ఒకలానే ఉంటది."

గుడివాడలో కాలేజీ హాస్టల్లో ఉండే ఇద్దరు అమ్మాయిలు, ఒకరంటే ఒకరికి ప్రాణం. వాళ్లలో ఒకమ్మాయి రెండుసార్లు చెప్పింది, ఇంట్లో గది తాళం వేసిన సంగతి. మూడో చుట్టుకి అక్క వెళ్తే హాస్టల్లో పిల్ల లేదు. ఎక్కడికి తీసుకెళ్లారో రెండో అమ్మాయికీ తెలీదు. "ఇది మరి నీ పద్ధతికి నిలవదు కదక్కా" అన్నాను, నా తెలివి చూపించుకుంటూ. అక్క గాజుల బల్ల మీది అద్దానికి అరచెయ్యి ఆనించింది. "ఇలా రాయి. 'మూడోసారి అడగడానికి వెళ్తే పిల్ల లేదు.' అది నేను చూసిందే. అంతవరకూ రాయి."

మొత్తం పదకొండు కాగితాలయ్యాయి. పదకొండోది తన చెల్లిది.

చెల్లంటే నిజంగా చెల్లే. నాన్నకి చెప్పినప్పుడు అబద్ధమే గానీ, తరవాత నిజమైంది. పామర్రు దగ్గర పల్లెలో క్రైస్తవుల ఇంట పుట్టిన పిల్ల, అక్కలాగే గీత దాటి వచ్చింది. గుళ్లో పాటలు పాడే గొంతు. ఇద్దరూ బందరులో ఒకే గది. అక్క మూట దింపుకుని ఇంటికొచ్చేసరికి ఆ గొంతు వినిపించేదట. ఆ పిల్లకి ఒక రోజు ఊపిరాడలేదు. అక్క నాకు ఆ సంగతి కూడా మూడు వేరు వేరు రోజుల్లో మూడుసార్లు చెప్పింది. తనకి తను మినహాయింపు ఇచ్చుకోలేదు. రెండోసారి పదకొండు గంటలని, మూడోసారి పదకొండున్నర అని రావడంతో టైము తీయించేసింది. మిగిలింది ఇంత:

'పొద్దున్న ఆసుపత్రికి తీసుకెళ్లాను. మగవాళ్ల వార్డులో, ఈవిడ చీరలో ఉంది, అటు తీసుకెళ్లమన్నారు. ఆడవాళ్ల వార్డులో, కార్డు మీద మగ పేరు ఉంది, ఇటు తీసుకెళ్లమన్నారు. రెండు తలుపుల మధ్య వరండాలో స్ట్రెచరు ఉంది. ఎవరూ తిట్టలేదు. అందరూ అండీ అనే అన్నారు. మధ్యాహ్నం అన్నాలు పెట్టే వేళకి మా చెల్లి పోయింది. అప్పుడు మార్చురీలో చోటు దొరికింది. అక్కడ ఏ వార్డు అని అడగలేదు.'

నాకు చాల్లేదు. అమ్మకం తెలిసినదాన్ని కదా. "నర్సు తోసేసిందని రాద్దాం అక్కా."

"తొయ్యలేదు."

"డాక్టరు నిర్లక్ష్యం అని..."

"డాక్టరు రాలేదు. రాని మనిషి మీద నేనేం చెప్తాను?"

"పోనీ నువ్వు కాళ్లు పట్టుకున్నావని."

"పట్టుకోలేదు. పట్టుకుని ఉండాల్సింది. అది వేరే కాగితం." అద్దం మీద గోటితో టిక్కుమని కొట్టింది. "నువ్వు దీన్ని అమ్మజూస్తున్నావు అమ్మాయ్. ఉన్నది ఉన్నట్టు కొట్టు. ఏదీ, వినిపించు."

వినిపించడం దగ్గర మాత్రం తను దొరసానే. కళ్లు మూసుకుని, అరచెయ్యి అద్దం మీద ఆనించి కూర్చునేది. నేను చదివేటప్పుడు తను చెప్పని మాట ఒక్కటి పడినా గోరు టిక్కుమనేది. ఆ ఆదివారం మధ్యాహ్నం పదకొండు కాగితాలూ చదివాను. గోరు కదల్లేదు. చివర్న "మనం ఏమీ అడగట్లేదమ్మాయ్. చెప్తున్నాం. అది తెలిసేలా ఉందా?" అంది. ఉందన్నాను. ప్రింటు తీసి పొద్దున్నకల్లా పెడతానని పంపించేశాను.

పంపించాక నాకు భయం పట్టుకుంది. పదేళ్లుగా అర్జీలు కొడుతున్నాను. ఆఫీసులో కాగితాన్ని ఎలా చదువుతారో నాకంటే తెలిసినవాళ్లు ఈ ఊళ్లో లేరు. పైన 'గౌరవనీయులైన' చూస్తారు, కింద 'కావున' చూస్తారు. మధ్యలో ఉన్నది దేవుడు కూడా చదవడు. 'కావున' లేని కాగితాన్ని గుమస్తా వెనక్కి తోసి "ఏం కావాలో రాసుకురామ్మా" అంటాడు. ధర చెప్పని కొట్టు ముందు మనిషి నిలబడడు, కోరిక లేని కాగితం ముందు ఆఫీసు నిలబడదు. ఇది నా జ్ఞానం. పైగా, అక్కకి ఎప్పుడూ రెండో కొసరు ఇవ్వలేదన్న ముల్లు కూడా ఎక్కడో ఉన్నట్టుంది. పదకొండు కాగితాల కిందా తలా ఒక పేరా కలిపాను. క్లీనరుకి లోను. టైలరమ్మకి కుట్టుమిషను. హాస్టల్ అమ్మాయికి స్కాలర్‌షిప్పు. అక్కకి ఇంటి స్థలం, పింఛను. నాకంటే ఉదారంగా ఆ రోజు బందరులో ఎవరూ లేరు. పొద్దున్న అందరి చేతా వేలిముద్రలు వేయిస్తూ అక్క మళ్లీ "వినిపించు" అంటే, "నిన్న విన్నావుగా, టైమైపోతోంది" అన్నాను.

లాయరమ్మకి విజయవాడ కోర్టులో కేసు పడి రాలేకపోయింది. విచారణంటే వేరే హాలు, కుర్చీలు ఉంటాయనుకున్నాం. అర్జీల హాల్లోనే ఒక చివర ఒక టేబులు. ముందు గోడ తగాదాలవాళ్లూ, పాసుపుస్తకాలవాళ్లూ, వాళ్ల మధ్యలోనే మా వరస. టేబులు వెనక ఆఫీసరు మర్యాదస్తుడు. అక్కని కూర్చోమన్నాడు. అక్క కాగితం తీసుకున్నాడు. నేను చెప్పినట్టే, చూపు సరాసరి కిందికి దిగింది.

"ఇంటి స్థలం కావాలామ్మా మీకు?"

అక్కకి అర్థం కాలేదు. "నేనెక్కడడిగానండీ?"

"ఇదిగో రాశారు కదా. స్థలం, పింఛను."

వెనక వరసలోంచి ఎవరో "వీళ్లక్కూడా స్థలాలేనా" అన్నారు. అటెండరు నవ్వాపుకున్నాడు. అక్క "నేను అడగడానికి రాలేదండీ. చెప్పడానికొచ్చాను. మా చెల్లి ఆసుపత్రిలో..." అని మొదలుపెట్టింది.

"అది వేరే విభాగం అమ్మా. ఇందులో స్థలం అని ఉంది. వేలిముద్ర మీదేనా?"

ఒక్క క్షణం అక్క నా వైపు చూసింది. ఈ అమ్మాయి రాసిందండీ అని ఒక్క మాట అంటే చాలు, కాగితం వెనక్కి తీసుకోవచ్చు. అనలేదు.

"నాదేనండీ" అంది.

"మరింకేం. పంపిస్తాం." స్టాంపు పడింది. పదకొండు కాగితాలకీ పదకొండు రసీదులిచ్చారు, గృహనిర్మాణం, సంక్షేమం, అప్పులు, చదువు అని తలా ఒక శాఖకి.

కొట్టుకొచ్చి అక్క ఎప్పటి స్టూలు మీదే కూర్చుంది. కళ్లు మూసుకుంది. అరచెయ్యి అద్దం మీద పెట్టింది. "వినిపించు" అంది.

"ఏదక్కా?"

"నువ్వు కలిపింది."

చదివాను. 'కావున తమరు దయతలచి, నిరుపేదనైన నాకు' దగ్గర గోరు టిక్కుమంది. 'ఒక సెంటున్నర ఇంటి స్థలమును' దగ్గర టిక్కుమంది. 'మంజూరు చేయవలసినదిగా చేతులు జోడించి' దగ్గర ఇంకోసారి. తరవాత గోరు ఆగిపోయింది. అది ఆగాక చదవడం నాకు కష్టమైంది.

"మా చెల్లి అందులో ఎక్కడుంది?"

"పైన ఉంది అక్కా. నువ్వు చెప్పిందంతా అలాగే ఉంది."

"పైన ఎవరూ చదవరంటావుగా నువ్వు."

"కాగితం వెనక్కి కొడతారని భయపడి..."

"కొట్టనివ్వాల్సింది. వెనక్కొచ్చిన కాగితం నా చేతిలో ఉండేది. నేను చెప్పినట్టు ఉండేది." లేచి మూట ఎత్తుకుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే ఏదో ఒక బేరం ఆడేదాన్ని. "మా చెల్లిని తీసుకెళ్లి స్థలం కింద రాసేశావు అమ్మాయ్."

తరవాత లాయరమ్మ ఫోను చేసి తిట్టింది. జిల్లా నుంచి వెళ్లిన కాగితంలో ఒక్క వాక్యమే ఉందట, వచ్చిన అర్జీలన్నీ సంబంధిత శాఖలకు పంపడమైనదని. "మీ 'కావున' వల్ల పదకొండు మంది సాక్షులు పదకొండు మంది లబ్ధిదారులైపోయారండీ" అంది. కొత్తగా కొట్టి ఇస్తానని ఆఫీసుకి పరిగెత్తాను. గడువైపోయింది, మళ్లీ దేశం వంతు వచ్చినప్పుడు రమ్మన్నారు. నేను కలపకపోయినా వాళ్లు అంతే చేసేవాళ్లేమో. గుమస్తా వెనక్కి తోసేవాడేమో. ఆ బేరం నాతో నేను రోజూ ఆడుతూనే ఉన్నాను, ఏ రోజూ నాకు గిట్టడం లేదు. చల్లపల్లి టైలరమ్మకి మాత్రం కుట్టుమిషను వచ్చింది. బస్సెక్కి వచ్చి మరీ నాకు దణ్ణం పెట్టి వెళ్లింది. ఆ దణ్ణం తీసుకున్నంత నీచంగా నేనెప్పుడూ ఏదీ తీసుకోలేదు.

అక్క చాలా రోజులు ఎదురు పేవుమెంటు మీద నుంచి వెళ్లిపోయింది. తరవాత ఒక రోజు వచ్చింది. పచ్చ గాజులు, టూ ట్వెల్వ్, డజను. నేను ధర చెప్పాను, కావాలనే ఎక్కువ చెప్పాను, పోట్లాడుతుందని. చెప్పిన ధరకి తీసుకుంది. పదమూడోది కొసరు పెట్టాను. పద్నాలుగోది కూడా పెట్టాను. రెండూ వేలితో నా వైపుకి జరిపింది.

"కొసరు వద్దమ్మాయ్" అంది.

అదే ఆఖరు. ఎండుచేపలు అమ్మే ఇంకో ఆవిడ చెప్తేగాని తను పోయిన సంగతి నాకు తెలీలేదు. కామెర్లు. ఊరికెళ్లి తమ్ముడింట్లో పడుకుందట. నేను వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. తమ్ముడు వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండా మాట్లాడాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్లలేదా?"

"ఆటో తెచ్చానండీ. ఎక్కలేదు. ఏ వార్డని అడుగుతార్రా అంది. నేనేం చెప్పను?"

ఇంకొకటి కూడా అడిగాను. "ఎలా పంపారు?"

"చీరలోనేనండీ. గాజులతోనే. ఊళ్లో వద్దన్నారు. మాకు మూడుసార్లు చెప్పింది కదండీ, మూడుసార్లూ ఒకేలా."

పెళ్లివారి బేరం మధ్యలో వచ్చిన ఆ ఫోను మర్నాడు మళ్లీ వచ్చింది, అదే రికార్డు గొంతు. పెట్టేశాను. మూడో రోజు మనిషే చేసింది. చిన్నపిల్ల గొంతు, నిద్ర చాలని గొంతు.

"మేడమ్, మీ అర్జీ ఇంటి స్థలం గురించి కదండీ. పరిశీలించి అర్హత లేదని పరిష్కరించారు. మీరు సంతృప్తి చెందారాండీ?"

"అర్జీదారు చనిపోయిందమ్మా."

"అయ్యో. అయితే మీరు ఆవిడ తరఫున చెప్పచ్చండీ."

చెప్పాను. పొద్దున్న ఆసుపత్రికి తీసుకెళ్లాను అన్న దగ్గర్నుంచి, మార్చురీలో వార్డు అడగలేదన్న దాకా. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"మరి మీ కోరిక ఏంటండీ?"

"కోరిక లేదమ్మా. చెప్తున్నానంతే."

"అలా ఆప్షన్ లేదండీ. సంతృప్తి, అసంతృప్తి, రెండే ఉన్నాయి."

"రెండోదంటే ఏమవుతుంది?"

"మళ్లీ ఓపెన్ చేస్తామండీ. స్థలం కోసం మళ్లీ పరిశీలిస్తారు."

"మొదటిదంటే?"

"క్లోజ్ అవుతుందండీ. ఏదో ఒకటి చెప్పండి మేడమ్, నాకు తరవాతి కాల్ ఉంది."

అటూ కాదు, ఇటూ కాదు. నా జీవితంలో ఇంత గట్టి బేరం నాకు తగల్లేదు. "ఇప్పుడు నేను చెప్పింది విన్నావు కదమ్మా?" అన్నాను.

"విన్నానండీ."

"అది మొదటిసారి. ఇంకో రెండుసార్లు చెప్పాలి. విను."

రెండోసారి వరండాలో స్ట్రెచరు దాకా వచ్చేసరికి కాల్ కట్టయింది. ఆ పిల్ల ఏది నొక్కిందో నాకు తెలీదు.

మూడోసారి ఇక్కడ రాశాను. కింద ఏమీ కలపలేదు.